నొప్పిలేని వాపు

నొప్పి యున్నచోటనే రోగమున్నదని మన యిండ్లలో తరతరములుగా నొక నమ్మకము కలదు. పన్ను పోటెత్తి రాత్రియంతయు నిద్రపట్టకున్న తెల్లవారగనే వైద్యునియొద్దకు పోదుము. చెక్కిలి కొంచెము ఉబ్బియుండియు బాధ లేకున్న “పోనిమ్ము, అదియే తగ్గును” అని యూరకుందుము. ఈ రెండింటిలో రెండవదియు అంతే జాగ్రత్తగా చూడదగినదని సోదరీమణులకు విన్నవించుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది నెల్లూరిసీమలో సముద్రమునకు దాపుననున్న ఇందుకూరుపేట. వరిమళ్లును, రొయ్యలగుంటలును, ఆవల మైపాడు తీరమును గల ప్రాంతము. కొన్ని సంవత్సరముల క్రిందట మా తోడికోడలి కుమార్తెకు ఎడమవైపు క్రింది దవడ వెనుకభాగమున చిన్న వాపు కనబడెను. అప్పుడామెకు 23 ఏండ్లు. నొప్పి లేదు, జ్వరము లేదు, అన్నము తినుట కడ్డులేదు. ఇంటిలో పసుపును సున్నమును కలిపి పట్టువేసిరి. జ్ఞానదంతము వచ్చుచున్నదని యొకరనిరి. పట్టణమున ఒకచోట చూపగా, ఎక్స్‌రే తీయకయే, కదలుచున్న పన్ను నొకదానిని ఊడబెఱికి మాత్రలిచ్చి పంపిరి. పన్ను పోయినది గాని వాపు పోలేదు.

ఆ యేడే పెండ్లిమాటలు నడచుచుండెను. ఫొటో తీయించునప్పుడెల్ల పిల్లను కుడి చెక్కిలి మాత్రమే కనబడునట్లు కూర్చుండబెట్టుట మొదలయ్యెను. అది చూచి మా మనస్సు చివుక్కుమనెను. “అక్కయ్యా, మొగము త్రిప్పినంతమాత్రమున వ్యాధి తిరిగిపోవునా?” యని, తల్లిని కుమార్తెను వెంటబెట్టుకొని నెల్లూరికి పోతిమి.

అచటి వైద్యులు దవడలు రెండును ఒకే పటములో కనబడు ఎక్స్‌రే తీయించిరి. ఎముక లోపల సబ్బునురుగు బుడగలవలె గదులు గదులుగా బోలుపడి కనబడెను. పైని మిగిలిన ఎముక కోడిగ్రుడ్డు పెంకువలె పలుచబడియుండెను. పిమ్మట చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, అది అమెలోబ్లాస్టోమా యను కణితి యని తేలెను.

బిడ్డ తల్లిగర్భమున నున్నప్పుడే దవడలలో దంతాంకురము లేర్పడును. పంటిపై తెల్లని గట్టిపొరను కట్టుటకు ప్రత్యేక కణములు గలవు. పన్ను తయారైన పిదప వాని పని ముగియును. ఆ కణజాలపు శేషములు దవడలో మిగిలి, ఎన్నియో యేండ్లకు మరల పెరుగ నారంభించిన ఈ కణితి పుట్టును. దీనిని 1827లో కుసాక్ అను వైద్యుడు వర్ణించెను. 1885లో ఫ్రాన్సుదేశపు మలాసే దీనికి ‘అడమాంటినోమా’ యని పేరిడెను. ఇట్టివి 100లో 80 వఱకు క్రింది దవడలోనే, తఱచుగా వెనుకటి దంతముల దాపున, పుట్టును. ఇది అరుదైన వ్యాధి. అంటువ్యాధి కాదు, దృష్టిదోషమును కాదు.

ఇది కాన్సరు కాదు గనుక వైద్యులు దీనిని ‘నిరపాయమైన కణితి’ యందురు. ఆ మాట విని మా తోడికోడలు “అపాయము లేదందురు గదా, పెండ్లియైన పిమ్మట చేయింపరాదా?” యని యడిగెను. “ప్రాణమునకు వెంటనే అపాయము లేదని దాని యర్థమమ్మా, దవడకు లేదని కాదు. ఆలస్యమైనకొలది తీయవలసిన యెముక పెరుగును” అని వైద్యులు బదులు చెప్పిరి.

ఈ కణితిని గోకి తీసి ఊరకుండిన సగమునకు మించినవారిలో మరల పుట్టునని శస్త్రవైద్యుల యనుభవము. అది ఎముక సందులలోనికి కంటికి కానరాని వ్రేళ్లను చాచియుండును. అందుచేత ఎక్స్‌రేలో కనబడు హద్దును దాటి, సెంటీమీటరు మొదలు రెండు సెంటీమీటర్ల వఱకు మంచి యెముకను గూడ కోసి తీయుదురు. ఆ లోటును కాలి యెముకతో పూరింతురు. మోకాలి క్రింద రెండెముకలు గలవు. శరీరభారమును మోయునది పెద్దది. ప్రక్కనున్న సన్నని యెముకలో కొంతభాగమును రక్తనాళములతోగూడ తెచ్చి దవడయం దతికింతురు. ఈ విధమున దవడను తిరిగి నిర్మించు పద్ధతిని 1989లో అమెరికా వైద్యుడు హిడాల్గో ప్రకటించెను.

అయిన దవడలోని ప్రతి కణితికిని ఇంత శస్త్రచికిత్స అక్కఱలేదు. 2019లో చెన్నైలోని సవీత దంతవైద్య కళాశాలలో ఏడేండ్ల బాలుని క్రింది దవడనుండి 526 చిన్నచిన్న పండ్లను వెలికితీసిరి. వాపు మూడవయేటనే కనబడినదట. అది ఒడొంటోమా యను వేఱొక నిరపాయపు కణితి. దవడను పైనుండి మాత్రమే తెఱచి సంచివంటి దానిని తీసివేయుటచే, ఎముకను తిరిగి నిర్మింప పనిలేకపోయెను. పైకి రెండును వాపులే, చికిత్సలు వేఱు. ఇందుకే ఎక్స్‌రేయు, ముక్కపరీక్షయు లేక ఎవరును ఊహతో కత్తి పట్టరాదు.

మా పిల్లకు శస్త్రచికిత్స జరిగెను. కొన్ని వారములు గంజియు, మెత్తని పప్పన్నమును తప్ప వేఱాహారము లేదు. కుంటుచు నడచినది, కన్నీరు పెట్టినది, తేఱుకొన్నది. వచ్చియున్న సంబంధము తప్పిపోయెను. “పిన్నమ్మా, ఇకమీద ఎవరు వచ్చినను నా దవడలో కాలి యెముక యున్నదని ముందుగా చెప్పియే మాట్లాడుడు” అని యామెయే యనెను. రెండేండ్లకు ఆ సంగతి యంతయు విని, తెలిసియే యొక కుటుంబమువారు ముందునకు వచ్చిరి. నేటికిని ఆమె యేటేట ఎక్స్‌రే తీయించుకొనుచున్నది. ఈ కణితి పదేండ్లకైనను మరల తలయెత్తవచ్చును గనుక ఆ నియమము విడువరాదు.

తల దువ్వునప్పుడును, అన్నము తినిపించునప్పుడును బిడ్డల మొగములను అందఱికన్న దగ్గఱగా చూచువారము మనమే. రెండు మూడు వారములైనను తగ్గని దవడ వాపు, పుచ్చక కదలు పన్ను, కాలము దాటినను మొలవని పన్ను, కారణము లేని క్రిందిపెదవి తిమ్మిరి, పెద్దవారికి ఉన్నట్టుండి బిగుతైన కట్టుడుపండ్లు: వీనిలో నేది కనబడినను నొప్పికై కాచియుండవలదు. నెల్లూరిలో నారాయణ దంతవైద్య కళాశాలయు, విజయవాడలోను చెన్నైలోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలును గలవు. దవడ శస్త్రచికిత్స నేర్చిన వైద్యులు వానిలో నుందురు. పన్ను తీయుదుమని యెవరైన అనినచో, “ముందు ఎక్స్‌రే తీయింతురా?” యని యడుగుటకు సంకోచింపకుడు. ఆడుపిల్ల మొగముపై వాపును దాచుట ఆమె మేలుకోరుట కాదు. వైద్యునికి చూపుటయే మేలు.