ఒక్క బిట్, ఒక మోటారు

మీ ఫోన్‌లో ఒక యాప్ క్రాష్ అయితే అదొక్కటే మూసుకుపోతుంది. పక్కనున్న వాట్సాప్‌కి ఏమీ కాదు. ఎందుకంటే యాప్‌కి కనిపించే మెమరీ అడ్రస్ అసలుది కాదు. దాన్ని అసలు అడ్రస్‌గా మార్చేందుకు మధ్యలో ఎంఎంయూ అనే కాపలాదారు ఉంటాడు.

నేను పనిచేసేది ఆ కాపలా లేని చోట. పొలాల్లో బోరు మోటార్లను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే డబ్బాలకు ప్రోగ్రాం రాస్తాను. లోపల ఎస్‌టీఎం32ఎఫ్103 అనే చిప్ ఉంటుంది. ర్యామ్ 20 కేబీ. జీబీ కాదండోయ్, కేబీనే!

దీనిలో అడ్రస్‌లు ఊళ్లో డోర్ నంబర్ల లాంటివి. 32 బిట్లు కాబట్టి 4 జీబీకి సరిపడా నంబర్లున్నాయి. ఇళ్లు కట్టింది మాత్రం కొన్ని చోట్లే. హెక్స్ లెక్కలో 08000000 దగ్గర ప్రోగ్రాం దాచే ఫ్లాష్, 20000000 దగ్గర ర్యామ్, 40000000 నుంచి టైమర్లు, పిన్నులు. ఖాళీ స్థలంలో తలుపు తట్టామా, ప్రాసెసర్ ఫాల్ట్‌లో పడుతుంది.

పిన్ను కూడా మెమరీలాగే కనిపించడం నాకు భలే నచ్చుతుంది. సి పోర్టు అడ్రస్ 40011000. ముందుగా దానికి క్లాక్ ఇచ్చి, పిన్నును ఔట్‌పుట్‌గా పెట్టాలి. తర్వాత ఆ అడ్రస్‌కి 12 బైట్ల అవతల 13వ నంబరు బిట్‌లో సున్నా రాస్తే, బ్లూ పిల్ బోర్డు మీద ఎల్ఈడీ వెలుగుతుంది. అవును, సున్నా రాస్తేనే!

మోటారు రిలే కూడా అలాంటి ఒక బిట్టే. దారి తప్పిన పాయింటర్ ఏదైనా అక్కడ రాస్తే, ఇది తప్పని చిప్ అనదు. మోటారు తిరుగుతుంది, అంతే. ఆ సమయంలో మా నాన్నలాంటి రైతు ఎవరో స్టార్టర్ దగ్గర వైరు సరిచేస్తుండొచ్చు. అందుకే రిలే బిట్‌ని ఒకే ఒక్క ఫంక్షన్ ముట్టుకునేలా రాస్తాను. ఫాల్ట్ వస్తే మొదట జరిగే పని రిలే ఆఫ్ అవడం.

కాలేజీలో మెమరీ మ్యాప్ అంటే పరీక్షలో గీసే డబ్బాల బొమ్మ. మీకూ అలాగే అనిపిస్తుంటే ఒక చిన్న బోర్డు కొని, మాన్యువల్‌లో ఆ పేజీ తెరవండి. లైబ్రరీ ఫంక్షన్ వాడకుండా ఎల్ఈడీ వెలిగించి చూడండి.