తొడలో ఎర్రర్, నడుము దగ్గర బగ్

సెకండ్ ఇయర్ మొదలైన నెలకి నా కుడి తొడ బయటి వైపు అరచేయంత మేర మొద్దుబారింది. గిల్లినా సరిగ్గా తెలిసేది కాదు. కాసేపు నిలబడితే మాత్రం అక్కడే కారం రాసినట్టు మంట.

ల్యాప్‌టాప్ వేడి అనుకుని ఒళ్ళో పెట్టుకోవడం మానేశా. తగ్గలేదు. రాత్రి నెట్‌లో వెతికితే వెన్నుపూస దగ్గర మొదలై పక్షవాతం దాకా వెళ్ళింది. ఇంట్లో చెబితే స్కానింగ్ ఖర్చు. నాన్న హోంగార్డు. అందుకే రెండు నెలలు దాచా. దసరా సెలవుల్లో తొడ రుద్దుకుంటుంటే నాన్నే చూసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆయన మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు లేపమన్నారు. బలం బాగానే ఉంది. తర్వాత తుంటి ఎముక ముందు వైపు వేలితో తట్టారు. తొడంతా జివ్వుమంది!

"ముందు ఆ బెల్టు వదులు చెయ్యి" అన్నారు.

నడుము నుంచి వచ్చే ఒక నరం గజ్జల్లోని గట్టి పట్టీ కింద నుంచి తొడలోకి దిగుతుందట. దాని పని చర్మానికి స్పర్శ ఇవ్వడమే, కండరాలతో సంబంధం లేదు. అక్కడ నొక్కుకుపోతే తొడ తిమ్మిరెక్కుతుంది. సి ల్యాబ్‌లో సెమికోలన్ మర్చిపోతే కంపైలర్ కింది లైన్‌లో ఎర్రర్ చూపిస్తుంది కదా, అలాగన్నమాట. హాస్టల్‌కొచ్చాక తొమ్మిది కిలోలు పెరిగా. ప్యాంట్లు ఫస్ట్ ఇయర్‌వే. పైగా కాలేజీ రూల్ ప్రకారం టక్, బెల్టు.

పేరు మెరాల్జియా పరెస్తెటికా. గ్రీకులో మెరోస్ అంటే తొడ, ఆల్గోస్ అంటే నొప్పి. మనసు గురించి అన్ని పుస్తకాలు రాసిన ఫ్రాయిడ్ 1895లో తనకున్న ఈ తొడ తిమ్మిరి గురించి కూడా రాశాడని తర్వాత చదివా.

"బిగుతు బట్టలు, బరువు, గంటల తరబడి నిలబడటం... షుగర్ ఉన్నా రావచ్చు" అని డాక్టర్ చెబుతుంటే నాన్న నాకంటే శ్రద్ధగా విన్నాడు.

ఆ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి బెల్టు విప్పి, మంచం మీద కూర్చుని ఎడమ తొడ రుద్దుకుంటున్నాడు.

"నీకెన్నాళ్ళ నుంచి నాన్నా?"

"బందోబస్తులంటే ఉంటాయిలేరా."

నేను దాచింది రెండు నెలలు. ఆయన ఎన్నేళ్ళో చెప్పలేదు.

వదులు ప్యాంట్లు వేసుకున్నాక నాకు మంట తగ్గింది, కొంచెం తిమ్మిరి మిగిలింది. ఈ ఆదివారం నాన్నకి షుగర్ టెస్టు. డ్యూటీ ఉందంటున్నాడు. డ్యూటీకి ముందే వెళ్దాం, టీ తాగకుండా ఉండమని చెప్పా.