మూడు వందల పడకల అవతల

సత్తుపల్లి దాటాక బస్సు కిటికీలోంచి కనిపించేవన్నీ తోటలే. పామాయిల్ చెట్ల నీడలో కోకో, గట్ల వెంట కొబ్బరి, మధ్యమధ్య మామిడి. గెలలు నింపుకున్న ట్రాక్టరు ఒకటి ముందు పోతుంటే మా బస్సు దాని వెనకే నెమ్మదిగా నడిచింది. దమ్మపేట మండలంలోని అప్పారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ వచ్చాక ఇలాంటి ట్రాక్టర్లు రోడ్డుకు మామూలైపోయాయట. దమ్మపేట ఒకప్పుడు ఖమ్మం జిల్లా. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. తోటలు ఎంత పరుచుకున్నా ఇది ఏజెన్సీ ప్రాంతమే. కోయగూడేలు తోటల వెనక ఉన్నాయి.

నేను వచ్చింది తోటలు చూడ్డానికి కాదు. మా అమ్మ ప్రాణం కాపాడిన ఒక అమ్మాయి ఊరు ఇది. తను పుట్టిన ఊళ్లో ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర ఒక పూట కూర్చోమని ఆమే నన్ను పిలిచింది.

అమ్మకు కీళ్లవాతం. డాక్టరు మెథోట్రెక్సేట్ రాశారు. అది వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మాత్ర. చీటీలో మాత్రం రోజూ వేసుకునే మాత్రల వరసలోనే కూర్చుంది. మందుల దుకాణంలో కుర్రవాడు పొట్లం మీద అన్నిటితో పాటు దీనికీ రోజుకు ఒకటని గీత గీసి ఇచ్చాడు. అమ్మ ఎనిమిది రోజులు వేసుకుంది. నోరంతా పుళ్లు. మంచినీళ్లు గొంతు దిగలేదు. ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాం. రక్తకణాలు బాగా పడిపోయాయన్నారు. ఏ జబ్బో తెలియక పరీక్షల మీద పరీక్షలు రాస్తున్నారు.

రెండో రోజు రౌండ్స్ ముగిసి డాక్టర్లంతా పక్క వార్డుకు వెళ్లాక తెల్లకోటు అమ్మాయి ఒకతె మా మంచం దగ్గరే ఆగిపోయింది. "సార్, ఇంట్లో అమ్మమ్మ వాడిన మందులన్నీ కవరుతో సహా తెప్పించగలరా?" అంది. తెప్పించాను. స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి, ఖాళీ అయిన గుంటలు లెక్కపెట్టింది. ఒక స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని, "ఇది ఎప్పుడు కొన్నారు?" అని అడిగింది. చెప్పగానే డాక్టరు దగ్గరికి దాదాపు పరుగెత్తింది. ఆ మధ్యాహ్నమే విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ మొదలుపెట్టారు. అమ్మ బతికింది.

మెథోట్రెక్సేట్ వెనక మన తెలుగువాడున్నాడని అంతకుముందు నాకు తెలుసు గాని, ఆ రోజు దాకా అది పాఠ్యపుస్తకంలో విషయమే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనాగారంలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేయించారు. ఆ ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు తిరిగే మందులూ అదే దారిలో వచ్చాయి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కు మందుగా మొదలై కీళ్లవాతానికీ పనికొచ్చింది. ఎంత గొప్ప మందైనా, వారానికా రోజుకా అన్న ఒక్క మాట దగ్గర తడబడితే విషమవుతుంది. ఆ మాటను పట్టుకోవడమే వృత్తిగా నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారని నాకు అమ్మ మంచం పక్కనే తెలిసింది.

ఆ అమ్మాయి చదువు ఫార్మ్.డి. మన దేశంలో 2008లో ఫార్మసీ కౌన్సిల్ నిబంధనలతో మొదలైంది. ఇంటర్ తర్వాత చేరితే ఆరేళ్లు. అయిదేళ్లు చదువు, ఆరో ఏడాది పూర్తిగా ఆసుపత్రిలో. దాన్నే ఇంటర్న్‌షిప్ అనీ రెసిడెన్సీ అనీ అంటారు. బి.ఫార్మసీ చేసినవాళ్లు మూడేళ్ల ఫార్మ్.డి.లో చేరవచ్చు, అందులోనూ చివరి ఏడాది ఇదే. ఏడాదిలో ఆరు నెలలు జనరల్ మెడిసిన్ వార్డు, మిగతా ఆరు నెలలు మూడు ప్రత్యేక విభాగాల్లో రెండేసి నెలలు. కేస్ షీట్ చదవాలి, మందులు ఒకదానితో ఒకటి పడతాయో లేదో చూడాలి, మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించమని డాక్టరుకు చెప్పాలి, మందు వికటిస్తే ఆ నివేదిక నింపాలి. దేశమంతటా ఆ నివేదికలు తీసుకునే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది.

ఆసుపత్రి ఫార్మసిస్టుకు ఆసుపత్రిలోనే శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో హార్వే విట్నీ 1927లోనే దీన్ని మొదలుపెట్టాడు. అక్కడ ఇప్పుడు డిగ్రీ అయ్యాక విడిగా ఒక ఏడాది, ప్రత్యేక విభాగం కావాలంటే ఇంకో ఏడాది రెసిడెన్సీ చేస్తారు. మన దగ్గర డిగ్రీలోనే ఆ ఏడాది కలిసి ఉంది.

నేను దమ్మపేట ఆసుపత్రికి చేరేసరికి ఓపీ చీటీల వరస వరండా దాటి వేపచెట్టు దాకా వచ్చింది. ఆ అమ్మాయి రెసిడెన్సీ చివరి నెలలో ఉంది, నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది. డాక్టరు అనుమతితో కిటికీకి ఇవతల, జనం వైపు, ఒక స్టూలు వేసుకుని కూర్చుంది. లోపల ఫార్మసిస్టు. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్న మనిషి. చీటీ అందుకుంటాడు, మాత్రలు కత్తిరిస్తాడు, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అంటాడు, మరో చెయ్యి లోపలికి వస్తుంది. ఒక్కొక్కరికి అర నిమిషం కూడా దక్కడం లేదు. మధ్యలో స్టాకు లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించాలి, ఇండెంట్లు పెట్టాలి, గడువు దాటబోయే మందులు వేరు చేయాలి. "చెప్పాలని నాకు మాత్రం ఉండదా సార్?" అన్నాడు. "ఆ లైను చూడండి. ఒకరికి అయిదు నిమిషాలు చెప్తే వెనకున్న ఆమె బస్సు పోద్ది."

మాత్రలు తీసుకున్నవాళ్లలో కొందరిని ఆమె పక్కకు పిలుస్తోంది. ఎవరిని పిలవాలో ఎలా తెలుస్తుందని అడిగాను. "మూడు రకాల కంటే ఎక్కువ మాత్రలుంటే పిలుస్తా. చేతిలో ఇంకో కవరుంటే తప్పకుండా పిలుస్తా."

అలా కవరుతో వచ్చాడొక తాత. రెండు కాళ్లూ వాచి ఉన్నాయి. ఆమె స్టూలు దిగి నేల మీద కూర్చుని కవరు గుమ్మరించింది. ఆసుపత్రిలో ఇచ్చిన బీపీ మాత్ర అమ్లోడిపిన్. పట్నంలో కొడుకు చూపించిన డాక్టరు రాసిన ఇంకో బీపీ మాత్ర. దాని పేరు వేరు, రంగు వేరు, డబ్బా అందంగా ఉంది. వెనక సన్న అక్షరాలు చదివితే అందులో టెల్మిసార్టాన్‌తో పాటు మళ్లీ అమ్లోడిపినే ఉంది. తాత ఒకే మందును రెండు పేర్లతో రెండింతలు మింగుతున్నాడు. ఆ మందు మోతాదు పెరిగితే పాదాలు వాస్తాయి. వాపు చూసి ఊళ్లో ఆర్.ఎం.పి. నీరు పోయే మాత్ర ఇచ్చాడు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ కూడా ఇచ్చాడు, అది పేరు లేని కాగితం పొట్లంలో ఉంది. ఆమె మాత్ర మీది గుర్తు చూసి పోల్చుకుంది.

"ఇక్కడ ఎవరూ చెడ్డపని చేయలేదు సార్," అంది నాతో నెమ్మదిగా. "ముగ్గురూ ఎదుట కనపడినదానికి మందిచ్చారు. ఆ మందులన్నీ కలిసి ఏం చేస్తాయో చూసినవాళ్లు లేరు." టెల్మిసార్టాన్, నీటిమాత్ర, నొప్పిమాత్ర కలిస్తే మూత్రపిండాలకు దెబ్బ. వయసు మీద పడినవాళ్లలో ఆ దెబ్బ నిశ్శబ్దంగా తగులుతుంది. ఆమె తనంతట తాను ఒక్క మాత్ర కూడా ఆపలేదు. కాగితం మీద నాలుగు మందుల పేర్లు వరసగా రాసి, తాతను వెంటబెట్టుకుని డాక్టరు గదికి నడిచింది. డాక్టరు చదివి, రెండు కొట్టేసి, నొప్పికి పారాసిటమాల్ రాసి, కిడ్నీ పరీక్షకు రక్తం ఇచ్చి వెళ్లమన్నారు. ఆ గదిలో గడిచింది నాలుగు నిమిషాలు. దానికి ముందు నేల మీద కూర్చుని ఆమె గడిపింది ఇరవై నిమిషాలు. రెసిడెన్సీ ఏడాది నేర్పేది ఆ ఇరవై నిమిషాలనేనని నాకు అర్థమైంది.

తర్వాత పామాయిల్ తోటలో రాలిన కాయలు ఏరే పనికి వెళ్లే ఒకామె వచ్చింది. షుగరుకు గ్లిమిపిరైడ్ వాడుతోంది. పనిలో కళ్లు తిరుగుతున్నాయట. ఇద్దరూ కోయలో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, వచ్చినామె ముఖం మారడం చూశాను. తర్వాత ఆ ఫార్మ్.డి. అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. ఈమెకు "పొద్దున టిఫిన్‌కు ముందు" అని చెప్పారు. ఈమెకు టిఫిన్ లేదు. తెల్లారకముందే లేచి మాత్ర మింగి తోటకు వెళ్తుంది, సద్ది మూట విప్పేది పది దాటాకే. ఈలోగా మాత్ర తన పని తాను చేసి రక్తంలో చక్కెరను కిందికి లాగేస్తుంది. ఒక్కో సాయంత్రం కల్లు తాగుతుంది, దానితో ముప్పు ఇంకా ఎక్కువ. డాక్టరుకు చెప్పి సరేననిపించుకున్నాక ఆమెకిచ్చిన సలహా ఇది: మాత్రను ఇంట్లో పెట్టుకోకు, సద్ది డబ్బాలోనే కట్టుకో. మూత తీసినప్పుడే మాత్ర తియ్యి.

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. గ్లిమిపిరైడ్ గురించి పుస్తకంలో ఉంది, రాలిన కాయల గురించి లేదు. రెండూ తెలిసిన మనిషి డాక్టరుకూ రోగికీ మధ్య కూర్చుంటే తప్ప ఆ సలహా పుట్టదు.

మధ్యాహ్నం ఓపీ పలచబడ్డాక ఫార్మసిస్టు మాకు మందుల గది చూపించాడు. పాముకాటు మందు సీసాలు విడిగా, చేతికి అందేచోట ఉన్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకటే మందు. పొడి రూపంలో ఉంటుంది, నీరు పోసి కలపాలి. గట్టిగా ఊపితే నురుగు వస్తుంది, అందుకే అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. తోటల్లో ఎలుకలు, ఎలుకల కోసం పాములు. ఈ ఊరికి ఆ సీసాలు ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. మలేరియా మాత్రల దగ్గర ఆమె ఆగింది. ప్రైమాక్విన్ కొందరిలో రక్తకణాలను విరిచేస్తుంది, గర్భిణులకు ఇవ్వకూడదు, పాలిచ్చే తల్లులకు చూసి ఇవ్వాలి. గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ కూడా ఉంది. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఇలాంటి ప్రాంతాల కోసమే. ఆ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియాకు క్రమం తప్పకుండా రక్తపరీక్షలు కావాలి. ఇవన్నీ పెద్దాసుపత్రి వార్డుకు ముదిరాక వస్తాయి. మొదలయ్యేది ఇక్కడ.

మరి రెసిడెన్సీలో ఒక్క నెలైనా ఇక్కడ ఎందుకు లేదు? నిబంధనల్లోనే ఉంది జవాబు. ఫార్మ్.డి. శిక్షణ ఇచ్చే ఆసుపత్రికి కనీసం 300 పడకలుండాలి. ఆ నియమం వెనక న్యాయం లేకపోలేదు. పడకలు లేకపోతే రోగులు చాలరు, విభాగాలు ఉండవు, పిల్లలు ఏం నేర్చుకుంటారు? కానీ ఆ అంకె ఒక గోడ కూడా అయింది. గోడకు అటువైపు పట్నంలో పది మంది ఇంటర్న్‌లు ఒకే కేస్ షీట్ చుట్టూ నిలబడతారు. ఇటువైపు వేపచెట్టు దాకా వరస.

మూడు ప్రత్యేక విభాగాల్లో ఒకదాని రెండు నెలలను ఇలాంటి ఆసుపత్రికి ఇవ్వాలని నా అభిప్రాయం. ఆమెతో అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. తల అడ్డంగా ఊపింది.

"గురువు ఎవరు సార్? వార్డులో నేను తప్పు చెప్తే ఆపేవాళ్లుంటారు. మొదటి నెలలో ఎన్నిసార్లు ఆపారో! ఇక్కడ ఒంటరిగా వదిలేస్తే అది శిక్షణ కాదు, జీతం లేని పని. ఇప్పటికే మాలో చాలామందికి స్టైపెండ్ రాదు."

ఆ మాట నన్ను ఆపింది. నేను అంకె గురించే ఆలోచించాను, ఆమె నేర్పే మనిషి గురించి ఆలోచిస్తోంది. చదువు అయ్యాక పరిస్థితీ ఆమె దాచలేదు. ఆరేళ్లు చదివినవాళ్లు రెండేళ్ల డిప్లొమా వాళ్లతో కలిసి అదే ఫార్మసిస్టు ఉద్యోగానికి పోటీ పడతారు. ఉద్యోగం వచ్చినా కిటికీ వెనకే. వార్డులో తిరిగే క్లినికల్ ఫార్మసిస్టు కుర్చీలు ఎక్కువగా కార్పొరేట్ ఆసుపత్రుల్లోనే ఉన్నాయి. ఆమె బ్యాచ్‌లో సగం మంది విదేశాల పరీక్షలకు చదువుతున్నారట. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. నేర్చుకున్న పని చేయనిచ్చే చోటికే ఎవరైనా వెళ్తారు. అయినా నా అభిప్రాయం మార్చుకోలేదు. గురువును కూడా పంపాలి. జిల్లాకొక క్లినికల్ ఫార్మసిస్టు పోస్టు పెట్టి, వారంలో రెండు రోజులు ఇలాంటి ఆసుపత్రుల్లో పిల్లలతో కూర్చోమనాలి. కొత్తగూడెంలో, ఖమ్మంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చేశాయి. ఇక్కడి నుంచి అవేమీ అందనంత దూరం కాదు.

బయల్దేరే వేళకు తాత ఇంకా వరండాలోనే ఉన్నాడు. మందులు మార్చారు కాబట్టి బీపీ మళ్లీ చూడాలి, రక్తపరీక్ష ఫలితం కూడా వస్తుంది. బుధవారం రమ్మని చెప్పింది. "నువ్వే ఉంటవా బిడ్డా?" అని అడిగాడు తాత. సోమవారం ఉదయానికి ఆమె వార్డులో ఉండాలి.

కిటికీ లోపలి నుంచి ఫార్మసిస్టు విన్నాడు. గోడ మీది క్యాలెండరులో బుధవారం గడిలో తాత పేరు రాసుకుని, "ఆ కవరు కూడా తెచ్చుకో పెద్దాయనా, అన్నీ తెచ్చుకో" అన్నాడు.