నెంబరు మనది, కంపెనీ మారవచ్చు

పి.పి. నెంబరు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. 1990లలో మన కోనసీమ ఆడపిల్లలు కువైట్‌కో మస్కట్‌కో బయలుదేరేటప్పుడు కాగితం మీద రాసి ఇచ్చినది చాలా ఇళ్ళలో సొంత నెంబరు కాదు. పక్కింటివారిదో, సెంటర్లోని ఎస్.టి.డి. బూతుదో రాసి, పక్కన పి.పి. అని పెట్టేవారము. అక్కడినుండి ఫోను వస్తే ఎవరో సైకిలు మీద వచ్చి కేక వేయాలి. మనం పరుగెత్తి వెళ్ళేసరికి లైను తెగిపోయి ఉండేది.

ఆ కష్టం చూసినవారము గనుక, మా నాన్నగారు కొన్న మొదటి సెల్‌ఫోను నెంబరంటే మాకు ప్రాణం. మా చెల్లెలు 2009లో కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళినది ఆ నెంబరే. అమ్మ బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, గ్యాసు బండకు అన్నిటికీ అదే. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగిన తరువాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపివేసినప్పుడు వాట్సాప్ పలకలేదు. చెల్లెలు కంగారుపడి, డబ్బు ఎక్కువైనా ఈ నెంబరుకే మామూలు ఫోను చేసి, మేము క్షేమమని తెలుసుకుంది.

అయితే రానురాను మా ఇంట్లో సిగ్నల్ పడిపోయింది. చుట్టూ కొబ్బరితోట, ఫోనులో ఒక్క గీత. చెల్లెలికి సెలవు శుక్రవారమే. ఆ సాయంత్రం అమ్మ మోకాళ్ళ నొప్పితో కాలువ గట్టు దాకా నడిచి, అక్కడ నిలబడి మాట్లాడేది. వర్షాకాలంలో గట్టు జారుతుంది. రెండుసార్లు ఫిర్యాదు చేశాము. టవరు వస్తుందన్నారు, రాలేదు. వేరే కంపెనీ సిమ్ కొనమని బంధువులు సలహా ఇచ్చారు. కాని కొత్త నెంబరును ఎన్నిచోట్ల మార్పించాలి?

నెంబరు మారకుండా కంపెనీ మారే వీలు మన దేశమంతటా 2011 జనవరి 20 నుండి ఉంది. సంగతి తెలిసినా మన పల్లెలలో చాలామంది దాని జోలికి పోరు, నెంబరు పోతుందేమోనని భయం. పద్ధతి కష్టమేమీ కాదు. ఇంగ్లీషు అక్షరాలలో పోర్ట్ అని, ఒక ఖాళీ వదిలి మన పది అంకెల నెంబరు రాసి, 1900కు మెసేజి పంపాలి. ఎనిమిది అక్షరాల కోడు వస్తుంది. అది మన ప్రాంతంలో నాలుగు రోజులే చెల్లుతుంది. ఆ కోడుతో, ఆధార్‌తో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్ళాలి. పాత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. పోయిన సిమ్‌కు బదులు కొత్త కార్డు తీసుకుంటే ఏడు రోజులు ఆగాలి. మోసగాళ్ళను ఆపడానికి 2024 జులై 1 నుండి ఈ షరతు పెట్టారు. ఆ కోడును ఫోనులో ఎవరు అడిగినా చెప్పకండి. నెంబరు వాళ్ళ చేతికి పోతే బ్యాంకు తాళం ఇచ్చినట్టే.

మాకు చిక్కు వచ్చింది మరొకచోట. సిమ్ నాన్నగారి పేరున ఉంది. ఆయన 2021లో ప్రభువునందు నిద్రించారు. ఎవరి పేరున ఉందో వారే కంపెనీ మారాలి, కాబట్టి ముందు నెంబరును అమ్మ పేరుకు మార్పించాలన్నారు. మరణ ధృవీకరణ పత్రం, అమ్మ ఆధార్ పట్టుకొని అమలాపురం రెండుసార్లు తిరిగాము. ఆ కాగితం మీద ఆయన పేరు కొట్టివేసి అమ్మ పేరు రాస్తుంటే అమ్మ తల తిప్పుకుంది. మన ఇళ్ళలో ఇలాంటి సిమ్‌లు ఎన్ని ఉన్నాయో! భర్త పేరున, అన్న పేరున, ఒక్కోసారి సిమ్ అమ్మినవాడు పెట్టిన ఎవరి పేరుననో. కంపెనీ మారినా మారకపోయినా, మీ సిమ్ ఎవరి పేరున ఉందో ఒకసారి కనుక్కోండి.

ఏ కంపెనీకి మారాలన్నది ఎవరి ఇంటినిబట్టి వారిది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచినప్పుడు ఆ ఒక్క నెలలోనే బి.ఎస్.ఎన్.ఎల్.కు సుమారు 29 లక్షలమంది పెరిగారు. ధర మాత్రమే చూసి వెళ్ళి, ఇంట్లో సిగ్నల్ లేక మళ్ళీ 90 రోజులు లెక్కపెట్టినవారు మా వీధిలోనే ఉన్నారు. మేము ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో వేరువేరు కంపెనీల ఫోనులున్న ముగ్గురిని టీకి పిలిచి, అమ్మ మంచం దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కరిచేత మాట్లాడించాము. నవ్వులాటగా జరిగినా, దుకాణంవాడు చెప్పే మాటకంటె ఇది మేలు.

దరఖాస్తు ఇచ్చిన మూడవ రోజు తెల్లవారేసరికి పాత సిమ్ మూగబోయింది. అందులో మిగిలిన రీచార్జి పోయినట్టే, అది కొత్తదానికి రాదు. కొత్త సిమ్ వేశాము, గీతలు నిండుగా వచ్చాయి.

ఆ శుక్రవారం చెల్లెలు ఫోను చేసి, "గాలి చప్పుడు లేదేంటమ్మా, ఎక్కడున్నావు?" అంది. మంచం మీదే ఉన్నానని చెప్పింది అమ్మ.