ఒక్క లైన్ చాలనుకున్నా!

‘ఒక్క లైన్ రాస్తే చాలు, మన కోడ్ జీపీయూ మీద పరిగెడుతుంది’ అని మీటింగ్‌లో అందరి ముందూ గొప్పగా చెప్పాను. ఆ మాట నమ్మి మా మేనేజర్ జీపీయూ ఉన్న సర్వర్‌ని నెల అద్దెకి తీసుకున్నారు. వారం తర్వాత చూస్తే ఏముంది? సీపీయూ మీద 3 సెకన్లలో అయ్యే పనికి జీపీయూ 7 సెకన్లు తీసుకుంటోంది! ‘నెలాఖరుకి సర్వర్ వెనక్కిచ్చేద్దాం’ అన్నారాయన. నాకు తల కొట్టేసినట్టయింది.

మా పని శాటిలైట్ ఫొటోల్లో మచ్చలు తీసేయడం. ఒక్కో ఫొటో నిలువునా 4,000, అడ్డంగా 4,000 పిక్సెళ్లు. అంటే మొత్తం 1.6 కోట్లు. ప్రతి పిక్సెల్‌నీ దాని చుట్టుపక్కల వాటితో పోల్చి సరిచేయాలి. అదీ ఒకసారి కాదు, 200 సార్లు. సీపీయూలో తెలివైన కోర్లు కొన్నే ఉంటాయి. జీపీయూలో చిన్న చిన్న కోర్లు వేలల్లో ఉంటాయి. ఒకేలాంటి లెక్క కోట్లసార్లు చేయాలంటే జీపీయూనే కరెక్ట్. అక్కడ నేను పొరబడలేదు.

ఒక్క లైన్ సంగతీ అబద్ధం కాదు. 2007లో ఎన్విడియా తెచ్చిన క్యూడాలో జీపీయూ చేయాల్సిన భాగాన్ని విడిగా రాసుకోవాలి. ఓపెన్‌ఎంపీ అని ఇంకో పద్ధతి ఉంది. సీపీయూ కోర్లకి పని పంచడానికి 1997లో మొదలైంది. 2013లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి జీపీయూకీ పని అప్పజెప్పొచ్చు. మామూలు లూప్ మీద ‘టార్గెట్’ అనే మాటతో ఒక సూచన రాస్తే చాలు, కంపైలరే దాన్ని జీపీయూకి అర్థమయ్యేలా మారుస్తుంది. నేను చేసిందీ అదే.

మరి తేడా ఎక్కడొచ్చింది? రెండ్రోజులు కంపైలర్‌ని తిట్టుకున్నాక ప్రొఫైలర్ పెట్టి చూశా. ఏ పనికి ఎంత టైమ్ పోతోందో చూపించే టూల్ అది. లెక్కకి పట్టింది కొంచెమే. మిగతా టైమంతా డేటాని అటూ ఇటూ మోయడానికే!

మా సర్వర్‌లో సీపీయూ మెమరీ వేరు, జీపీయూ మెమరీ వేరు. మధ్యలో పీసీఐఈ అనే దారి. పాత ఫొటో, సరిచేసిన ఫొటో ఒక్కోటి 64 ఎంబీ. రెండూ వెళ్లి రావడానికి 256 ఎంబీ. 200 సార్లకి 50 జీబీ దాటిపోయింది. వరి నాట్లకి వంద మంది కూలీల్ని దింపి, ప్రతి వరసకీ నారు కట్టలన్నీ ఊరవతల నారుమడి నుంచి మోసుకొచ్చి, మిగిలినవి మళ్లీ అక్కడికే చేర్చినట్టు. కూలీలు గట్టు మీద కూర్చోక ఏం చేస్తారు?

తప్పు కంపైలర్‌ది కాదు. లూప్ అయ్యాక ఆ డేటా సీపీయూకి కావాలో వద్దో నేను చెప్పలేదు. కావాల్సి ఉండి తేకపోతే జవాబే తప్పవుతుంది. అందుకే ఓపెన్‌ఎంపీలో, మనం ఏమీ చెప్పకపోతే అర్రేని తీసుకెళ్లి తిరిగి తేవడమే రూలు. నెమ్మదైనా జవాబు మాత్రం కరెక్ట్.

విషయం అర్థమయ్యాక 200 రౌండ్లనీ కలిపి ‘టార్గెట్ డేటా’ అనే బ్లాక్‌లో పెట్టాను. డేటా మొదట్లో ఒకసారి వెళ్లాలి, పనయ్యే దాకా జీపీయూలోనే ఉండాలి. రన్ చేస్తే పావు సెకను కూడా పట్టలేదు! ఎగిరి గంతేసి మేనేజర్‌కి మెయిల్ కొట్టేశా.

సాయంత్రం మా జూనియర్ అమ్మాయి వచ్చి మెల్లిగా అడిగింది, ‘అన్నా, ఫొటోలో మచ్చలు అలాగే ఉన్నాయేంటి?’

చూస్తే నిజమే. తొందరలో ‘తీసుకెళ్లు’ అని మాత్రమే రాశా, ‘తిరిగి తీసుకురా’ అని రాయలేదు. జీపీయూ ఫొటోని చక్కగా సరిచేసింది. కానీ అది అక్కడే చెరిగిపోయింది. సీపీయూ దగ్గర ఉన్నది పాత ఫొటోనే. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఏమీ చెప్పనప్పుడు జాగ్రత్తపడిన కంపైలర్, నేను తప్పు చెబితే మాత్రం మారుమాట్లాడకుండా నమ్మేసింది. నేనేమో టైమ్ చూశా గానీ ఫొటో చూడలేదు.

ఆ రాత్రి ఇంకో మెయిల్ పెట్టాను, ‘మధ్యాహ్నం నేను పంపిన రిజల్ట్ తప్పు’ అని. సెండ్ నొక్కడానికి పది నిమిషాలు పట్టింది. తమాషా ఏంటంటే, ఆ ఒక్క మాట సరిచేశాక కూడా టైమ్ పెద్దగా పెరగలేదు. ఫొటో తిరిగి రావాల్సింది చివర్లో ఒక్కసారే కదా! సర్వర్ ఉండిపోయింది.

ఈ మోత బాధ తగ్గించడానికి హార్డ్‌వేర్ కూడా మారుతోంది. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో సీపీయూ, జీపీయూ ఒకే మెమరీని పంచుకుంటాయి. అమెరికాలోని ఎల్ కాపిటాన్ సూపర్ కంప్యూటర్‌లో వాడిన ఏఎండీ ఎంఐ300ఏ చిప్ కూడా అంతే. అలాంటి చోట మోయక్కర్లేదు గానీ, ఒకరు రాయడం పూర్తయ్యేదాకా ఇంకొకరు చదవకుండా చూసుకోవాలి. ఏ పని దేని తర్వాతో చెప్పాల్సింది మనమే.

ఇప్పుడు మీటింగుల్లో ‘ఒక్క లైన్ చాలు’ అనడం మానేశా. కొత్త వెర్షన్ రన్ చేశాక ముందు ఫొటో చూస్తా. టైమ్ ఆ తర్వాతే.