గుమ్మం దాకా వచ్చి ఆగిన గొట్టం

రాయపూర్‌లోని మహాదేవ్ ఘాట్ వద్ద కార్తీక పూర్ణిమనాడు జాతర జరుగుతుంది. ఆ ఘాట్‌ను ఒరుసుకుని పారే ఖారున్ నదే నగరానికి తాగునీరు ఇస్తుంది. వేసవిలో నది సన్నబడితే ధమ్తరి జిల్లాలోని గంగ్రేల్ జలాశయం నుంచి కాలువ ద్వారా నీరు చేరవేస్తారు. అంత దూరం ప్రయాణించిన నీరు శుద్ధి కేంద్రాలను, ఎత్తయిన ట్యాంకులను దాటి ఒక కాలనీ వీధి మలుపు దాకా వస్తుంది. అక్కడి నుంచి ఇంటి గుమ్మం కొద్ది అడుగుల దూరమే. ఏనుగు వెళ్లింది, తోక చిక్కింది అన్నట్లు చిక్కంతా ఆ కొద్ది అడుగుల్లోనే ఉంది.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని అయిన తర్వాత నగరం పొలాల మీదికి పాకింది. శివారులో చిన్న ఇల్లు కట్టుకున్న ఒక సామాన్య గృహస్థును ఊహించుకుంటే, ఆయన చెల్లింపుల జాబితా చాలా పొడవు. రోడ్లు, కాలువలు వేస్తామన్న మాటతో స్థలం అమ్మినవాడికి ఒకసారి చెల్లించాడు. లేఅవుట్‌కు అనుమతి లేదని తేలితే క్రమబద్ధీకరణకు మరోసారి చెల్లించాలి. ఏటా ఆస్తి పన్ను, దానితోపాటు అక్కడివారు ‘సమేకిత్ కర్’, ‘జల్‌కర్’ అని పిలుచుకునే పన్నులు ఉండనే ఉన్నాయి. ఇక కుళాయి కోసం దరఖాస్తు చేస్తే మన నగరాలన్నింటిలోనూ వినిపించే పాటే మొదలవుతుంది: కనెక్షన్ రుసుం, డిపాజిట్, మీటరు, రోడ్డు తవ్వి పూడ్చినందుకు మూల్యం, చివరికి ప్లంబరు కూలి. మురికివాడల్లోని నిరుపేదలకు ఉచిత కుళాయి ఇచ్చే భాగీరథి నల్‌జల్ పథకం ఉంది. సంపన్నుడికి బోరుబావి ఉంది. దారిద్ర్య రేఖకు ఒక్క మెట్టు పైన నిలబడ్డవాడికి మాత్రం రశీదు పుస్తకం మిగులుతుంది.

ఢిల్లీకి ఈ కొద్ది అడుగులు ఒక అంకెగా మాత్రమే కనిపిస్తాయి. 2015 జూన్ 25న అయిదు వందల నగరాల కోసం అమృత్ పథకం మొదలైంది. రాయపూర్ అందులో ఒకటి. 2021 అక్టోబరు 1న మొదలైన రెండో దశ 2.68 కోట్ల కుళాయి కనెక్షన్లను, 2.64 కోట్ల మురుగునీటి కనెక్షన్లను లక్ష్యంగా ప్రకటించింది. శిలాఫలకం మీద నాయకుల పేర్లుంటాయి. రశీదు మీద గృహస్థు పేరు మాత్రమే ఉంటుంది.

రాజ్యాంగ 74వ సవరణ నీటి సరఫరాను, పారిశుద్ధ్యాన్ని పురపాలికల బాధ్యతల జాబితాలో చేర్చింది. బాధ్యత కిందికి దిగింది కానీ ఖజానా తాళం దిగలేదు. తెలుగువారికి ఇది అనుభవమే. 2020లో కోవిడ్ వేళ రాష్ట్రాలకు అదనపు అప్పు కావాల్సి వచ్చినప్పుడు, ఆస్తి పన్నుకు, నీటి, మురుగు చార్జీలకు కనీస స్థాయి నిర్ణయించాలన్నది కేంద్రం పెట్టిన షరతుల్లో ఒకటి. దాన్ని ముందుగా నెరవేర్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. అదే ఏడాది చివర హైదరాబాద్‌లో నగర ఎన్నికల వేళ నెలకు ఇరవై వేల లీటర్ల ఉచిత నీరు వాగ్దానమైంది. అక్కడ ఉచితం కావాలంటే ముందు పనిచేసే మీటరు ఉండాలి. ఒకచోట చార్జీ సంస్కరణ, మరోచోట ఉచితం ప్రజాకర్షణ. కనెక్షన్ ఖర్చు న్యాయంగా ఎవరు భరించాలన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా పక్కకే జరిగింది.

అసలు కుళాయిని, మురుగు కనెక్షన్‌ను ఒకే కాటాలో తూచడమే పొరపాటు. కుళాయి వస్తే ఆ ఇంటికి లాభం. అందుకే అప్పు చేసైనా జనం దరఖాస్తు చేస్తారు. మురుగు గొట్టం కలుపుకుంటే లాభపడేది పక్కింటివారు, దిగువ ఊరివారు, నది. పెరట్లో సెప్టిక్ ట్యాంకు పనిచేస్తున్నంతకాలం సొంత డబ్బుతో గచ్చు పగలగొట్టించి దాన్ని కలుపుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? రాయపూర్ నాలాల మురుగు దారి పట్టేది ఖారున్ వైపే. నాలాలను మళ్లించి శుద్ధి చేయడానికి చందనీడీహ్, నిమోరా వంటి చోట్ల కేంద్రాలు కట్టారు. కానీ ఇళ్లను గొట్టాలతో కలపకుండా నాలా చివర శుద్ధి చేయడమంటే కుండకు చిల్లు ఉంచి కింద పళ్లెం పెట్టడమే. ఇంటివాడిని రుసుంతో బెదరగొట్టి నదిని శుభ్రం చేయలేం.

దీనికి దారి లేకపోలేదు. 1993లో బ్యూనస్ ఎయిరీస్ నీటి సరఫరా ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లినప్పుడు, గొట్టాల విస్తరణ ఖర్చును కొత్తగా కలిసే ఇళ్ల మీదే వేశారు. వారిలో ఎక్కువమంది శివారు పేదలు. వారు చెల్లించలేకపోయారు, నిరసనలు చెలరేగాయి. 1997లో ఆ భారాన్ని తీసివేసి వినియోగదారులందరి బిల్లుల్లో చిన్న మొత్తంగా పంచారు. ఆ తర్వాత ఆ సంస్థ కథ సుఖాంతం కాలేదన్నది వేరే విషయం. పాత నగరానికి ఒకప్పుడు అందరి సొమ్ముతో వేసిన గొట్టాలను, కొత్త కాలనీ మాత్రం ఒంటరిగా కొనుక్కోవాలనడం న్యాయం కాదన్న పాఠం మాత్రం మిగిలింది.

రాయపూర్‌లోనైనా రాజమహేంద్రవరంలోనైనా గృహస్థు అడిగేది దానం కాదు. వాడుకున్న నీటికి నెలనెలా కట్టడానికి అతను సిద్ధమే. తన గుమ్మం ముందు ఆగిన ప్రజల గొట్టాన్ని లోపలికి తెచ్చుకోవడానికి తానొక్కడే ఎందుకు ప్రజ కాకుండా పోయాడన్నదే అతని ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది కౌంటరులో కూర్చున్న గుమాస్తా కాదు.