పసివానితో కోనసీమలో పది దినములు

పండుగకు పుట్టింటికి పోవుటయనిన స్త్రీలకందఱకును సంతోషమే. కాని చంకలో రెండేండ్ల బిడ్డ యున్నప్పుడు ఆ సంతోషములో సగము మూటలు కట్టుటలోనే కరగిపోవును. జ్వరపు మందు పెట్టితిమా, రైలులో నిద్రపోవునా, క్రొత్తచోట అన్నము తినునా యని తల్లి మనస్సు పది దిక్కులకు పరుగెత్తుచుండును. "వాడు కాస్త పెద్దవాడయ్యాక వెళ్లరాదా?" యని సలహా చెప్పువారికి కొదవ లేదు. బిడ్డ పెద్దవాడగుదాక మనము వేచియుండవచ్చును. అమ్మమ్మ వయస్సు మాత్రము వేచియుండదు. ఈ యొక్క తలంపుతోనే 2025వ సంవత్సరపు సంక్రాంతికి మేము హైదరాబాదునుండి కోనసీమకు బయలుదేఱితిమి.

మా పుట్టిల్లు అంబాజీపేటకు చేరువనున్న యొక పల్లె. అమలాపురమునకు రైలు ఇంకను రాలేదు. కోటిపల్లి నరసాపురముల నడుమ రైలుమార్గపు పనులు సాగుచునే యున్నవి. కావున మేము రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, తెల్లవాఱుజామున రాజమహేంద్రవరమున దిగి, కారులో రావులపాలెము, కొత్తపేటల మీదుగా పోయితిమి. జొన్నాడ వద్ద గౌతమిపై వంతెన దాటుచుండగా బాబు మేల్కాంచి, అద్దమునకు ముక్కు నానించి, "నీళ్లు! నీళ్లు!" అని చప్పట్లు కొట్టెను. వాని కది వేడుక. మా గుండెలో మాత్రము చిన్న బెదురు మొలిచెను.

కోనసీమ యనగా నీటి నడుమ నిలిచిన నేల. ఒక వంక గౌతమి, ఒక వంక వసిష్ఠ, దిగువను బంగాళాఖాతము. నడుమను చీల్చుకొని పోవునది వైనతేయ. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ నదులకు కాలువలు తోడైనవి. గన్నవరము వద్ద కాలువ వైనతేయను పైనుండి దాటి రాజోలు వైపు పొలములకు నీరందించును. కాలువలనుండి బోదెలు, బోదెలనుండి తోటలలోనికి చిన్న చిన్న పాయలు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు గాని, సంక్రాంతినాటికి దాళ్వా పంటకు నీరు వదలి యుందురు గావున అవి ఒడ్డులొరసి పాఱుచుండును. మా ఇంటి ముందు కాలువ, దానికి రాతిమెట్ల రేవు, వెనుక కొబ్బరితోటలో బోదె, పెరటిలో నుయ్యి, నూతి ప్రక్క పశువుల కుడితిగోలెము. ఆ సీమకు అన్నము పెట్టినదీ నీరే. అడుగులు నేర్చిన బిడ్డగల తల్లికి నిద్రలేకుండ జేయునదియు నీ నీరే.

మా అమ్మకు డెబ్బదినాలుగేండ్లు. బాబు ఆమెను అంతవఱకు ఫోను తెఱమీద మాత్రమే యెఱుగును. కారు దిగగానే అమ్మ వాకిటికి వచ్చి, "ఏరా బాబూ, నేన్రా, అమ్మమ్మని" అనెను. వాడా కంఠము గుర్తించి సంతోషముతో గిఱుక్కున తిరిగి మా చేతిలోని ఫోను వైపు చూచెను! అందఱును నవ్విరి. అమ్మయు నవ్వెను గాని, పైటచెంగుతో కన్నులొత్తుకొనుట మేము చూచితిమి. ఆ సాయంకాలమునకు వాడామె ఒడిలో కూర్చుండి, పనసాకు దొన్నెలో ఉడికిన పొట్టిక్కను వ్రేళ్లతో గిల్లి తినుచుండెను. పిల్లలకు పరిచయము కలుగుటకు ఒక పూట చాలును; ఆ పూటకు మనము దగ్గఱ నుండవలెను, అంతియే.

మఱునాడు ఉదయము పొరుగింటి పిన్నిగారు చూడవచ్చి, బాబు రేవువైపు పోవుటయు, మేము పరుగెత్తుటయు గాంచి నవ్వి, మా వారితో, "ఆయ్, మా పిల్లలందరూ ఈ గట్టుమీదే పెరిగారండి అల్లుడుగారూ. ఎవరికేమైందండీ?" యనెను. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ధైర్యము చెప్పుటయే ఆమె యుద్దేశము. మా అమ్మ మాత్రము ఏమియు పలుకలేదు. దీపాలవేళ అందఱము వసారాలో కూర్చుండి యుండగా, బియ్యమేరుచు, తల యెత్తకయే యిట్లనెను: "నాకో తమ్ముడుండేవాడు. మూడో ఏడు. పండగనాడే. ఇంటినిండా చుట్టాలు. నా దగ్గరున్నాడని అమ్మ అనుకుంది. అమ్మ దగ్గరున్నాడని నేననుకున్నాను."

ఆ మాట మేమెన్నడును విని యుండలేదు. అప్పుడామె కెనిమిదేండ్లు. అఱువదియాఱేండ్లు ఆమె లోపలనే దాచుకొనిన మాట యది.

అంతట అమ్మ లేచి, దండెముమీది ఎఱ్ఱ తుండు తీసికొనివచ్చి మా అన్నయ్య భుజముపై వేసి, "ఇది ఎవరి భుజం మీదుంటే ఆ గంట బాబు వాళ్లదే. కాస్త చూస్తూండండని గాల్లోకి చెప్పి వెళ్లిపోతే కుదరదు. తుండు చేతికివ్వాలి, పుచ్చుకున్నవాళ్లు 'నా దగ్గరున్నాడు' అని నోటితో చెప్పాలి" అనెను. నాటినుండి ఆ యింట నదియే శాసనమయ్యెను.

ఈ శాసనములోని తెలివి మాకు రెండుమూడు దినములలోనే బోధపడినది. ఇంటిలో పదిమంది యున్న పది జతల కన్నులు బిడ్డను కాచుచున్నవని మనము తలంతుము. నిజమునకు ప్రతివారును తక్కిన తొమ్మండుగురిపై భారము వేసి నిశ్చింతగా నుందురు. పండుగనాడు, పెండ్లినాడు, చుట్టములు వచ్చిననాడు బిడ్డలకు అపాయమెక్కువ యగుట కిదియే కారణము. తుండు ధరించినవారు ఫోను ముట్టరాదు, పేకాటకు కూర్చుండరాదు, వంటపని నెత్తుకొనరాదు. గంట కాగానే మఱియొకరికి ఒప్పగింపవలెను. మా వారు, అన్నయ్య, వదినె, కాలేజీలో చదువు మేనల్లుడు, అందఱును వంతులు వేసికొనిరి. పురుషుల భుజముల మీదికి తుండు చేరుటచేత ఇంకొక మేలు కలిగినది: రెండేండ్ల తరువాత మేము మధ్యాహ్నము నిశ్చింతగా కన్ను మూసితిమి.

సోదరీమణులకు తెలిసియుండవలసిన విషయములు కొన్ని గలవు. మునుగుచున్న పసివాడు సినిమాలలోవలె కేకలు వేయడు, చేతులు కొట్టుకొనడు. కొలది నిమిషములలో, సద్దు లేకుండ, అంతయు జరిగిపోవును. ఆ యీడు పిల్లలకు శరీరమునుబట్టి చూడగా తల బరువెక్కువ గావున, గోలెములోనికి తొంగిచూచి తలక్రిందుగా పడినవాడు తనంత తాను లేవలేడు. వానికి జానెడు నీరు చాలును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో ఇంచుమించు నాలుగవ వంతు ఐదేండ్లు నిండని పిల్లలు. కోనసీమవలె నదీముఖమున నున్న బంగ్లాదేశమున, పల్లెలలో "ఆంచల్" అను పేర శిశుపాలన గృహములు నడపుచున్నారు. ఒకటి మొదలు ఐదేండ్లలోపు పిల్లలను ఉదయము 9 గంటలనుండి మధ్యాహ్నము 1 గంటవఱకు, అనగా తల్లులు వంటపనిలోను, తండ్రులు పొలములోను నుండు వేళ, అచట కనిపెట్టియుందురు. అట్లు కనిపెట్టబడిన పిల్లలలో నీటి మరణములు మిక్కిలి తగ్గినట్లు పరిశీలనలలో తేలినది. ఆలోచించి చూడగా మా అమ్మ ఎఱ్ఱ తుండును, ఆ గృహములును ఒక్క సూత్రముమీదనే నడచుచున్నవి: ఆ వేళకు, ఆ బిడ్డకు, తప్పక ఒకరు. మన దేశమున 1975లో ఆరంభమైన అంగన్‌వాడీలు బడికి పూర్వపు చదువు చెప్పునది మూడేండ్లు నిండినవారికి. అడుగులు వచ్చి బుద్ధి రాని ఒకటి రెండేండ్ల వారికి ఇల్లే అంగన్‌వాడి, ఇంటివారే కావలి.

13వ తేది భోగినాడు బాబునకు భోగిపండ్లు పోసితిమి. రేగిపండ్లు, చెఱకుముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణెములు కలిపి ముత్తయిదువలు వాని తలపై పోయుచుండగా వాడు తండ్రి ఒడిలో కూర్చుండి కిలకిల నవ్వెను. అప్పుడు తుండు అమ్మ భుజముమీద నుండెను. పేరంటము పాట ముగియకమునుపే ఆమె చాప నాలుగు కొనలును పట్టి పండ్లను నాణెములను మూటగట్టి అటకపైకి చేర్చెను. రేగిగింజయైనను నాణెమైనను పసివాని గొంతున అడ్డుపడ వచ్చును గదా! వేడుకకు లోటు రాలేదు. వెఱపునకు చోటు లేకపోయెను.

15వ తేది కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటలోని ప్రభలతీర్థమునకు పోయితిమి. ఆ తోటలో గుడి లేదు. చుట్టుపట్ల గ్రామములనుండి ఏకాదశ రుద్రులు ప్రభలపై అచటికి విచ్చేయుదురు. వెదుళ్లతో కట్టి రంగుల వస్త్రములతో, గంటలతో అలంకరించిన ఎత్తైన ప్రభలను యువకులు భుజములపై మోసికొని, "శరభా! శరభా!" అని కేకలు వేయుచు, పచ్చని వరిచేలకు అడ్డముగా వత్తురు. తమ చేలలో దేవుడు నడచెనని రైతులు సంతసింతురు. గంగలకుఱ్ఱు ప్రభలు కౌశికలో దిగి నీటినుండి పైకి వచ్చుట చూడ వేలకొలది జనులు గట్లపై నిలుతురు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే తక్కిన ప్రభలన్నిటిని ఒక్కమాఱు పైకెత్తి గౌరవింతురు. 2023వ సంవత్సరపు గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ శకటముగా ఊరేగినది ఈ తీర్థపు దృశ్యమే. మేము జనసమ్మర్దమునకు దూరముగా, గాలి వచ్చు గట్టుపై నిలిచితిమి. మందుగుండు చప్పుడునకు బాబు బెదరకుండ చెవులకు మెత్తని గుడ్డ చుట్టితిమి. ఫోను నెంబరు వ్రాసిన కాగితమును చిన్న సంచిలో నుంచి వాని మొలత్రాటికి కట్టితిమి. ఆ గంటలో తుండు మా వారిది. వాడాయన మెడపై నెక్కి, ప్రభలు లేచునప్పుడెల్ల తానును చేతులెత్తెను.

మఱియొక నాడు అంతర్వేది పోయి, లక్ష్మీనరసింహస్వామిని దర్శించి, వసిష్ఠ సముద్రములు కలియు అన్నాచెల్లెళ్ల గట్టువద్ద కొంతసేపుంటిమి. సముద్రపు హోరు వినగానే బాబు మా మెడ గట్టిగా కౌగిలించుకొని దిగనొల్లడయ్యెను. ఇంటిముందటి కాలువను చూచి మాత్రము వాడెన్నడును జంకలేదు. హోరెత్తు నీటినుండి బిడ్డ తానే తొలగును. బాతులతోను తామరాకులతోను చేరబిలుచు మెత్తని నీటివద్దనే పెద్దలు మెలకువగా నుండవలెను.

ఇంతగా కాచుచు వాని కాళ్లకు సంకెళ్లు వేసితిరా యని యెవరైన నడుగవచ్చును. ఒకనాటి మధ్యాహ్నము మేము కిటికీనుండి చూచినది చెప్పెదము. బాబు మువ్వలు మ్రోగించుకొనుచు రేవువైపు నడచెను. తుండు ధరించిన మేనల్లుడు వానిని పట్టి వెనుకకీడ్వలేదు. చేయి చాచిన నందునంత దూరమున వెంట నడచెను. రేవు పై మెట్టున వానిని కూర్చుండబెట్టుకొని, తాను క్రిందిమెట్టున వానికిని నీటికిని నడుమ కూర్చుండెను. కొబ్బరియాకు చీల్చి పడవ చేసి విడిచెను. "పలవ! పలవ!" అని బాబు కేరింతలు కొట్టెను. ఆ పది దినములలో వాడు నేర్చిన మాటలలో అది మొదటిది. లేగ, రేవు, మువ్వ, అమ్మమ్మ తక్కినవి. కావలి లేని బిడ్డకే గదియు తలుపు గడియయు. కావలియున్న బిడ్డకు కాలువ కూడ ఆటస్థలమే.

బయలుదేఱునాడు అమ్మ కొబ్బరికాయల బస్తా కారులో పెట్టించుచు, "వేసంగిలో రండి, కాలవలు కట్టేస్తారు, భయముండదు" అనెను. మా వారు, "కాలవ నిండుగా ఉన్నప్పుడే వస్తామండి అత్తయ్యగారూ, తుండు మాత్రం దాచి ఉంచండి" అనిరి. ఆమె మొగమున నాడు చూచిన నవ్వు, ఆమె కెనిమిదేండ్ల వయస్సుననే మాయమైయుండునని మాకు తోచినది.

సోదరీమణులారా, చంటిబిడ్డ లున్నారని పుట్టిళ్లకు, అత్తవారి పల్లెలకు పోవుట మానకుడు. పోయిననాడే నూతికి మూత యున్నదో లేదో చూడుడు; గోలెము బోర్లించుడు; పెరటి తలుపునకు బిడ్డ కందని గడియ పెట్టించుడు. ఆ మీదట ఒక తుండు వెదకుడు. దాని రంగేదైనను సరియే. పుచ్చుకొనువారు మాత్రము "నా దగ్గరున్నాడు" అని నోరార చెప్పవలెను.